మొదటి గిటార్‌ను చేతితో కట్టడం ఎలా

తొలిసారి గిటార్ కట్టేవాళ్లు నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌తో మొదలుపెట్టడం మంచిది. స్టీల్ తీగలు ఆరూ కలిసి 70 కిలోలకు పైనే లాగుతాయి. నైలాన్ తీగల లాగుడు 40 కిలోల దగ్గరే ఉంటుంది. కాబట్టి మెడలో ఇనుప కడ్డీ అక్కర్లేదు, పైపలక కింద బరువైన కట్టడం అక్కర్లేదు, చిన్న తప్పులు కూడా వాయిద్యాన్ని పాడుచేసేంత దూరం పోవు. పైగా స్పెయిన్ పద్ధతిలో మెడ, పెట్టె ఒకేసారి కలిసిపోతాయి. మెడకు విడిగా అతుకు కోసే కష్టమైన పని ఉండదు.

ఈ గిటార్ రూపం చాలావరకు స్పెయిన్ గిటార్ తయారీదారు ఆంటోనియో డి టోరెస్ (1817–1892) స్థిరపరచింది. 650 మి.మీ. తీగ పొడవు, పైపలక కింద విసనకర్రలా పరిచిన ఏడు బ్రేసులు (పలకకు బలమిచ్చే సన్న బద్దలు) ఆయన చేతిలోనే ఒక పద్ధతిగా కుదిరాయి. 1862లో ఆయన వెనకపలక, పక్కలు అట్టముద్దతో చేసి, పైపలక మాత్రం మంచి చెక్కతో పెట్టి ఒక గిటార్ కట్టాడు. నాదం ప్రధానంగా పైపలకదే అని చూపించడానికి ఆ పని చేశాడు. మీ డబ్బు, శ్రద్ధ ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకునేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి: అందమైన వెనకపలక కన్నా సన్నటి, నిటారు గీతల పైపలక ముఖ్యం.

సాయంత్రాలు, సెలవు రోజులు కలుపుకుని మొత్తం 150 నుంచి 200 గంటల పని. తొందరపడే వాళ్లకి ఇది కుదరదు, ఎందుకంటే ఇందులో సగం రోజులు జిగురు ఆరడం కోసం, చెక్క సర్దుకోవడం కోసం ఆగడమే.

ముందు తేమ సంగతి

పనిముట్ల కన్నా ముందు కొనాల్సింది డిజిటల్ తేమ మీటర్. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కానీ చౌక మీటర్లు పది శాతం దాకా తప్పు చూపిస్తాయి, కాబట్టి ముందు పరీక్షించాలి. చిన్న మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీళ్లు చిలకరించండి. దాన్ని, మీటర్‌ను కలిపి గాలి చొరబడని డబ్బాలో పెట్టి మూసేయండి. పది, పన్నెండు గంటల తర్వాత లోపల తేమ 75 శాతం ఉండాలి. మీటర్ 81 చూపిస్తే, ఇకమీదట దాని లెక్కలోంచి 6 తీసేసి చదవండి.

ఇదంతా ఎందుకంటే, చెక్క పొడవునా దాదాపు కదలదు కానీ అడ్డంగా తేమతో పెరుగుతుంది, ఆరితే తగ్గుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు మీరు పైపలకకు అడ్డ బ్రేసులు అతికించారనుకోండి. తేమ 40కి పడిపోతే 365 మి.మీ. వెడల్పున్న స్ప్రూస్ పలక 3 నుంచి 4 మి.మీ. కుంచించుకోవాలని చూస్తుంది. అడ్డంగా అతికిన బ్రేసు మాత్రం కుంచించుకోదు. పలక ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. విశాఖపట్నంలోనో కాకినాడలోనో వర్షాకాలంలో కట్టిన గిటార్ హైదరాబాద్ ఎండాకాలానికి వెళ్తే జరిగేది ఇదే. తిరగేసి చూస్తే, పొడిగా ఉన్నప్పుడు కట్టిన గిటార్‌కు తేమ తగిలితే పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, కానీ చీలదు. అందుకే బ్రేసులు అతికించే రోజున, పెట్టె మూసే రోజున గదిలో తేమ 40–50 శాతం మధ్య ఉండాలి. ఈ ఒక్క నియమానికి మినహాయింపు లేదు.

ఏసీ గది ఉంటే పని సులువు. లేకపోతే పలకలు పట్టేంత చెక్కపెట్టె చేసి అడుగున 40 వాట్ల పాతకాలం బల్బు వెలిగించండి. లోపలి గాలి వేడెక్కితే తేమ శాతం తగ్గుతుంది. బల్బుకూ చెక్కకూ మధ్య కనీసం జానెడు దూరం, పైన గాలి పోయే రంధ్రాలు ఉండాలి. పలకలను అందులో మూడు నాలుగు రోజులు ఉంచి, తీసిన వెంటనే బ్రేసు అతికించి మళ్లీ లోపల పెట్టేయాలి.

చెక్క

పైపలకకు స్ప్రూస్ గానీ వెస్టర్న్ రెడ్ సెడార్ గానీ తీసుకోండి. ఒకే దిమ్మలోంచి పక్కపక్కనే కోసిన రెండు పలకలను పుస్తకంలా విప్పి జతచేస్తారు. ఒక్కోటి కనీసం 550 మి.మీ. పొడవు, 195 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. మందం ఉండాలి. కొనేముందు పలక తలవైపు చూడండి: వయసు గీతలు పలక మీద నిట్టనిలువుగా నిలబడి ఉండాలి, ఏటవాలుగా కాదు. స్ప్రూస్ గట్టిది, గోరు తగిలినా తొందరగా సొట్ట పడదు. సెడార్ మెత్తన, కానీ మొదటి రోజు నుంచే నాదం విప్పుకుంటుంది. తొలి ప్రయత్నానికి స్ప్రూసే మేలు, ఉలి జారినా తట్టుకుంటుంది.

వెనకపలకకు, పక్కలకు ప్రపంచమంతా వెతికే చెక్క మన దక్షిణాది రోజ్‌వుడ్. మన వడ్రంగులు ఇరుగుడు అనీ, జిట్టేగి అనీ పిలిచేది ఇదే. చేవ ఉన్న భాగమే తీసుకోండి. తెల్లటి వెలుపలి భాగానికి పురుగు పడుతుంది. బిల్లుతోనే కొనండి. 2017 జనవరి నుంచి ఈ చెట్టు సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో ఉంది. తయారైన వాయిద్యాలకు 2019లో మినహాయింపు వచ్చింది గానీ కోసిన పలకలకు రాలేదు. అమెరికాలో ఉన్న బంధువు గిటార్ కడతానంటే పలకలు మూటగట్టి పంపడం కుదరదు, అనుమతి పత్రాలు కావాలి. ఎర్రచందనం జోలికి అసలు వెళ్లకండి, అది అటవీ చట్టాల చిక్కు. రోజ్‌వుడ్ దొరక్కపోతే బాగా ఆరిన టేకు పనికొస్తుంది. బొబ్బిలి వీణలు చేసే పనస కూడా మంచిదే, కాకపోతే పక్కలు వంచేటప్పుడు ఓపిక పట్టాలి.

మెడకు తేలిగ్గా, మెలి తిరగని చెక్క కావాలి: మహాగని, లేదా స్పానిష్ సెడార్‌కు దగ్గరి బంధువైన తూన్. పరిమాణం 22 × 75 × 900 మి.మీ. ఫ్రెట్‌బోర్డుకు (మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) 7 మి.మీ. మందం రోజ్‌వుడ్ లేదా ఎబొనీ పలక, బ్రిడ్జికి (పైపలక మీద తీగలు కట్టే ముక్క) 200 × 30 × 12 మి.మీ. రోజ్‌వుడ్ ముక్క. వీటితో పాటు తీగలు శ్రుతి చేసే మరలు, ఫ్రెట్ తీగ (ఫ్రెట్‌బోర్డులో అడ్డంగా దిగే లోహపు మెట్లకు) ఒకటిన్నర మీటర్లు, నట్‌కీ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) సాడిల్‌కీ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) ఎముక పట్టీలు ముందే తెచ్చిపెట్టుకోండి. మరలు చేతిలో లేకుండా తలలో గాళ్లు కొయ్యవద్దు. కొలత ఒక మి.మీ. తేడా వచ్చినా మర బిగుసుకుపోతుంది.

పనిముట్లు తక్కువే: రెండు చిత్రికలు (ఒకటి పెద్దది, ఒకటి అరచేతిలో ఇమిడేది), 6, 12, 25 మి.మీ. ఉలులు, సన్నపళ్ల రంపం, 0.6 మి.మీ. గాటు పడే ఫ్రెట్ రంపం, ఆకురాళ్లు, మూలమట్టం, మీటరు పొడవు ఉక్కు స్కేలు, డిజిటల్ కాలిపర్. సానరాయి మంచిది కొనండి. పదును లేని చిత్రిక రోజ్‌వుడ్‌ను కోయదు, పీకుతుంది. రోజ్‌వుడ్ పొడి కొందరికి దద్దుర్లు, ఆయాసం తెస్తుంది, కాబట్టి మాస్క్ లేకుండా ఉప్పుకాగితం పట్టవద్దు.

జిగురు విషయంలో ఒక హెచ్చరిక. మామూలు ఫర్నిచర్‌కు వాడే తెల్ల జిగురు ఎండిన తర్వాత కూడా కొద్దిగా సాగుతుంది. తీగల లాగుడుకి, ఎండలో కారు వేడికి బ్రిడ్జి నెమ్మదిగా జారుతుంది. గట్టిగా ఎండే పసుపు రకం వుడ్ గ్లూ వాడండి. చర్మపు జిగురు ఇంకా మేలు గానీ దాన్ని 60–63 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి, ఒక నిమిషంలోపే బిగించాలి. అది రెండో గిటార్‌కి ఉంచుకోండి.

సోలెరా: పనిబల్ల కాదు, అచ్చు

ఈ పద్ధతిలో గిటార్‌ను బోర్లించి కడతారు. దానికి కింద ఉండే పలకే సోలెరా. 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, గిటార్ ఆకారం కన్నా చుట్టూ 20 మి.మీ. ఎక్కువగా, మెడ కోసం ముందుకు పొడిగింపుతో కోయండి. పెట్టె కొలతలు: పొడవు 488, భుజాల దగ్గర 280, నడుము దగ్గర 235, పొట్ట దగ్గర 365 మి.మీ. సౌండ్ హోల్ 85 మి.మీ.

బ్రిడ్జి వచ్చే చోట సోలెరాను తాంబాళంలా 3 మి.మీ. లోతుకు తవ్వాలి. అంచులకు వచ్చేసరికి ఆ లోతు సున్నా అవ్వాలి. గరుకు చక్రంతో తవ్వి, ఒక వెదురు బద్దను వంపుగా కోసి దానికి ఉప్పుకాగితం అంటించి నునుపు చేయండి. మెడ పొడిగింపు మాత్రం నట్ వైపు 1 మి.మీ. కిందికి వాలాలి.

ఈ రెండు అంకెలే మీ గిటార్ వాయించడానికి వీలుగా ఉంటుందా లేదా అన్నది తేలుస్తాయి. లెక్క చూడండి: చదును చేశాక ఫ్రెట్‌బోర్డు 6, ఫ్రెట్ 1, మొత్తం 7 మి.మీ. పైపలక ఉబ్బు 3, మెడ వాలు వల్ల తగ్గేది 1. అంటే ఫ్రెట్ల మీద ఉక్కు స్కేలు పెట్టి బ్రిడ్జి దాకా చాపితే అది పైపలకకు దాదాపు 3 మి.మీ. ఎత్తులో తేలాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ 3.5 మి.మీ. ఎత్తులో ఉంటే సాడిల్ దగ్గర అది స్కేలు గీత కన్నా సుమారు 6 మి.మీ. పైన ఉంటుంది. 3కి 6 కలిపితే తీగ పైపలకకు 9 మి.మీ. ఎత్తు. 9 నుంచి 11 మధ్య ఎక్కడున్నా మంచిదే. సోలెరాలో తాంబాళం తవ్వకుండా చదునుగా వదిలేస్తే తీగ 12కి చేరుతుంది, పైపలక మీద మెలి బలం పెరుగుతుంది. మెడ మరీ ముందుకు వాలితే సాడిల్‌ను ఎంత అరగదీసినా తీగలు దిగవు.

మెడ

మెడ కర్రకు ఒక కొసన 15 డిగ్రీల ఏటవాలు కోత కోసి, కోసిన ముక్కను తిరగేసి కింద అతికిస్తే తల వెనక్కి వంగుతుంది. అతుకు ముఖాలు రెండూ కలిపి ఒకేసారి చిత్రిక పట్టండి. జిగురు రాసి బిగిస్తే ముక్కలు జారతాయి, కాబట్టి ముందే చివర్లలో చిన్న మేకులు కొట్టి తల తీసేయండి.

మడమ (మెడ పెట్టెను కలిసే చోట ఉండే దిమ్మ) కోసం అదే కర్ర ముక్కలను ఒకదాని మీద ఒకటి అతికించి 95 మి.మీ. ఎత్తు తేవాలి. పెట్టె మొదలయ్యే గీత 12వ ఫ్రెట్ దగ్గర, అంటే నట్ నుంచి సరిగ్గా 325 మి.మీ. ఆ గీత మీద మడమకు ఇరువైపులా పక్క పట్టీలు దూరే గాళ్లు కోయాలి. పట్టీ మందం 2 అయితే గాడి 2.1. వదులైతే పల్చటి చీలలు కొట్టి సరిచేయవచ్చు, బిగుతైతే పట్టీ చీలుతుంది. మెడ లోపలి పాదం మీద పైపలక కూర్చునే చోట పైపలక మందం మేర లోతు తీయడం మరచిపోవద్దు. మరచిపోతే ఫ్రెట్‌బోర్డు కింద గట్టు మిగులుతుంది.

పైపలక

రెండు పలకలను పుస్తకం మూసినట్టు పెట్టి, అతుకు అంచులు రెండూ కలిపి పెద్ద చిత్రికతో పట్టండి. చిత్రిక కొంచెం వాలినా విప్పేటప్పటికి రెండు కోణాలూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. తర్వాత అంచులు ఆనించి కిటికీ వెలుగుకు ఎత్తి చూడండి. వెంట్రుకంత వెలుగు కనిపించినా మళ్లీ పట్టాల్సిందే. బలంగా బిగించి సందు మూసేద్దాం అనుకుంటే కొన్నేళ్లకు అతుకు అక్కడే విడుతుంది.

అతికించడానికి: పలకల బయటి అంచులకు ఆనుకుని బల్ల మీద మేకులు కొట్టండి. అతుకు కింద సన్న పుల్ల పెడితే మధ్యలో గుడారంలా లేస్తుంది. జిగురు రాసి పుల్ల లాగేసి, అతుకును కిందికి నొక్కి పైన బరువు పెట్టండి. అతుకు కింద ప్లాస్టిక్ కాగితం వేయకపోతే పలక బల్లకు అతుక్కుపోతుంది.

ఇప్పుడు మందం తగ్గించాలి. జత పలకల్లో ఒకదాని నార ఒకవైపుకు, రెండోదాని నార ఎదురువైపుకు నడుస్తుంది. నిలువుగా చిత్రిక తోస్తే ఒక సగం నున్నగా వస్తుంది, మరో సగం లేచిపోతుంది. 45 డిగ్రీల ఏటవాలుగా తోయండి. స్ప్రూస్ అయితే 2.3–2.4 మి.మీ., సెడార్ అయితే 2.6 దగ్గర ఆగండి. ప్రతి పది నిమిషాలకూ కాలిపర్ పెట్టి పెన్సిల్‌తో అంకె రాసుకుంటూ వెళ్లండి. రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా వంచి చూస్తే మొదట్లో అట్టలా మొండిగా ఉంటుంది. మందం దగ్గరపడేకొద్దీ స్పష్టంగా లొంగుతుంది. వేలి ముడితో తడితే పొట్టి చప్పుడు పోయి, కాసేపు నిలిచే మోత వినిపిస్తుంది. కొత్తవాళ్లు భయంతో 3 మి.మీ. దగ్గర ఆపేస్తారు. ఆ గిటార్లు బలంగా ఉంటాయి గానీ పలకవు.

రోజెట్ (సౌండ్ హోల్ చుట్టూ ఉండే అలంకరణ వలయం) మీద ఎక్కువ సమయం పెట్టకండి. కంపాస్ కత్తితో వృత్తాలు కోసి, 1.5 మి.మీ. లోతు గాడి తీసి, నల్లా తెల్లా సన్న పట్టీలు రెండు మూడు వరసలు అతికిస్తే చాలు. ఆరాక పలకతో సమానంగా గీకి, ఆ తర్వాతే సౌండ్ హోల్ కోయండి.

బ్రేసులకు స్ప్రూస్ ముక్కను రంపంతో కాదు, ఉలితో చీల్చండి. చీలిక నార వెంటే పోతుంది, అలాంటి బద్ద పల్చగా ఉన్నా విరగదు. హోల్‌కు పైన ఒకటి, కింద ఒకటి అడ్డ బ్రేసులు: వెడల్పు 7, ఎత్తు 15 మి.మీ. కింది భాగంలో ఏడు విసనకర్ర బ్రేసులు: వెడల్పు 6, మధ్యలో ఎత్తు 4–5, చివర్లకు 1 మి.మీ. వాటి కొసలను మూస్తూ కింద ‘వి’ ఆకారంలో మరో రెండు బద్దలు. విసనకర్ర బ్రేసుల అడుగులు సోలెరా తాంబాళానికి సరిపోయే వంపులో ఉండాలి. తాంబాళంలో ఉప్పుకాగితం పరిచి బద్దను అటూ ఇటూ రుద్దితే ఆ వంపు వస్తుంది.

ఇన్ని బద్దలకు క్లాంపులు కొనక్కర్లేదు. సోలెరాకు 650 మి.మీ. పైన గట్టి చెక్క కప్పు బిగించి, 670 మి.మీ. వెదురు బద్దలను విల్లులా వంచి కప్పుకూ బ్రేసుకూ మధ్య ఇరికించండి. ఒక్కో బ్రేసుకు మూడు వెదుర్లు చాలు. తేమ మీటర్ 50 కన్నా తక్కువ చూపించేదాకా జిగురు సీసా మూత తీయవద్దు.

పక్కలు వంచడం

అందరూ భయపడే పని ఇదే. రోజ్‌వుడ్ పట్టీలు 800 × 105 మి.మీ., మందం 2.0. మందం ఎక్కడా 0.1 కన్నా తేడా రాకూడదు. పల్చగా ఉన్నచోట వంపు ముందే పడి పట్టీ ముడుచుకుంటుంది.

వంచడానికి 50–60 మి.మీ. వ్యాసం ఇనుప పైపును బల్ల అంచుకు బిగించి లోపల మంట గానీ హాట్ ఎయిర్ గన్ గానీ పెట్టండి. జింకు పూత ఉన్న నీళ్ల పైపు వాడవద్దు, మంట తగిలితే విషపు పొగ వస్తుంది. పైపు మీద నీటి చుక్క వేస్తే గంతులేస్తూ ఎగిరిపోవాలి. అక్కడే నిలబడి బుసబుసలాడితే వేడి చాలలేదు. చెక్క వెంటనే నల్లబడితే ఎక్కువైంది.

పట్టీని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి, అంతకు మించి వద్దు. ఎక్కువ నానితే అడ్డంగా దోనెలా ముడుచుకుంటుంది. నడుము వంపుతో మొదలుపెట్టండి. పట్టీని పైపు మీద కొద్దికొద్దిగా ఊపుతూ నొక్కుతుంటే ఒక క్షణంలో చెక్క లొంగినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు వంచండి, అంతకు ముందు కాదు. వెలుపలి వైపు పల్చటి రేకు పట్టీ ఆనించి పట్టుకుంటే నార లేవదు. ప్రతి వంపునూ కాగితం మీద గీసిన ఆకారం మీద పెట్టి చూడండి. 2 మి.మీ. దూరం ఉంటే సరే. చేత్తో నొక్కితేగానీ ఆనకపోతే మళ్లీ వేడి చేయాలి. బలవంతంగా అచ్చులో దూర్చిన పక్క జీవితాంతం పెట్టెను తన్నుతూనే ఉంటుంది.

చాలామంది చేసే తప్పు: రెండు పట్టీలనూ ఒకే వైపుకు వంచేయడం. అప్పుడు రెండూ కుడి పక్కలే అవుతాయి. మొదలుపెట్టే ముందే ఒక్కోదాని మీద ‘కుడి, లోపలి వైపు, మడమ కొస’ అని సుద్దతో రాయండి.

పెట్టె కూర్చడం

సోలెరా మీద పైపలకను బోర్లించి, మెడను దాని పాదం మీద అతికించండి. నట్ మధ్య నుంచి పలక కింది అంచు మధ్యకు దారం లాగండి. దారం పలక అతుకు మీదుగా పోవాలి. ఇక్కడ 1 మి.మీ. తేడా వస్తే బ్రిడ్జిని పక్కకు జరపాల్సి వస్తుంది, తీగలు ఫ్రెట్‌బోర్డు అంచు దాటతాయి.

పక్కలను మడమ గాళ్లలోకి దూర్చి, కింద తోక దిమ్మకు అతికించండి. పైపలకకూ పక్కలకూ మధ్య మూలలో అగ్గిపెట్టెలో సగం ఉండే ముక్కోణపు దిమ్మలను ఒకదాని పక్కన ఒకటిగా చేత్తోనే జిగురు రాసి నొక్కండి. ఒక నిమిషం పట్టుకుంటే నిలుస్తాయి. దాదాపు వంద పడతాయి. విసుగు పుట్టించే పనే, కానీ క్లాంపు పట్టని చోట ఇంతకన్నా శుభ్రమైన మార్గం లేదు.

పక్కల ఎత్తు తోక దగ్గర 98, మడమ దగ్గర 93 మి.మీ. ఉండేలా చిత్రిక పట్టండి. వెనకపలక వైపు అంచుకు గాట్లు పెట్టిన పట్టీ అతికించాలి. దానికి బట్టలకు పెట్టే క్లిప్పులకు రబ్బరు బ్యాండు చుట్టి వాడితే సరిపోతుంది. వెనకపలక మందం 2.4. దానికి మూడు అడ్డ బ్రేసులు, మధ్యలో 3.5 మి.మీ. ఉబ్బు వచ్చేలా. మూసే ముందు లోపల జిగురు బొట్లు గీకేయండి, సంతకం, తేదీ రాయండి. మళ్లీ చేయి పట్టదు.

వెనకపలకను సోలెరా మీద ఉండగానే అతికించాలి. పెట్టె తీసి బల్ల మీద పెట్టి అతికిస్తే మెడ కోణం మారిపోతుంది, పైన వేసిన లెక్కంతా వృథా. పాత సైకిల్ ట్యూబును పొడవుగా కోసి చుట్టూ బిగించి చుడితే అన్ని వైపులా సమానంగా నొక్కుతుంది. ఒక రోజు ఆగండి. ఆ తర్వాత అంచులకు 2 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. లోతు గట్టు తీసి రోజ్‌వుడ్ అంచు పట్టీ అతికించడం. ఇది అందం కోసమే కాదు, పైపలక కోత అంచులోంచి తేమ దూరకుండా కాపాడుతుంది.

ఫ్రెట్‌బోర్డు

తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. మిగిలినదాన్ని మళ్లీ భాగిస్తే రెండోది, అలా 19 దాకా. 650కి మొదటిది 36.48, రెండోది 70.92, మూడోది 103.42, ఐదోది 163.05, ఏడోది 216.18, పన్నెండోది 325.00, పందొమ్మిదోది 433.09 మి.మీ. అన్నిటినీ నట్ నుంచే కొలవండి. ఒక ఫ్రెట్ నుంచి తర్వాతిది కొలుస్తూ పోతే ప్రతిసారీ 0.2 తప్పు కలిసి పన్నెండో ఫ్రెట్ చేరేసరికి 2 మి.మీ. దాటుతుంది, ఆ గిటార్ ఏ శ్రుతిలోనూ నిలవదు. పెన్సిల్ కాదు, కత్తి మొనతో గీయండి.

పలక ఇంకా దీర్ఘచతురస్రంగా ఉన్నప్పుడే గాట్లు కోయాలి, మూలమట్టం ఆనించడానికి నిటారు అంచు కావాలి కాబట్టి. గాటు లోతు 2.5 మి.మీ. తర్వాత నట్ దగ్గర 52, పన్నెండో ఫ్రెట్ దగ్గర 62 వెడల్పుకు కోయండి. మెడకు అతికించాక జిగురు నీటికి మెడ కొద్దిగా వంగుతుంది. రెండు రోజులు ఆగి, ఉక్కు స్కేలుతో చూసి, ఆ తర్వాతే చదును చేసి 6 మి.మీ. మందానికి తేవాలి. బ్రిడ్జి చోట స్కేలు 3కి బదులు 1 దగ్గర తేలుతుంటే నట్ వైపు కొంచెం ఎక్కువ తీయండి, 5 దగ్గర ఉంటే హోల్ వైపు తీయండి. తప్పు సరిచేసుకోగలిగే చివరి చోటు ఇదే.

ఫ్రెట్లను ప్లాస్టిక్ మొహం సుత్తితో ముందు రెండు కొసలు, ఆపై మధ్య కొట్టండి. మెడ వెనక ఇసుక సంచి ఆనించకపోతే దెబ్బ చెక్క మింగేస్తుంది. ఆ తర్వాత మెడను ఆకురాయితో గుండ్రం చేయడం: మొదటి ఫ్రెట్ దగ్గర మొత్తం మందం 22, తొమ్మిదో దగ్గర 24 మి.మీ.

పాలిష్, బ్రిడ్జి

స్ప్రే లక్కర్ కన్నా లక్క పాలిష్ మేలు. పొర పల్చన, పైపలక గొంతు నొక్కదు. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపు తెచ్చే లక్కే ఇది, ఇక్కడ స్పిరిట్‌లో కరిగించి వాడతాం. 100 మి.లీ. స్పిరిట్‌కు 20 గ్రాముల లక్క రేకులు వేసి ఒక రాత్రి ఉంచి, పల్చటి గుడ్డలో వడకట్టండి. కలిపి ఆరు నెలలు దాటితే వాడవద్దు, అది జిగటగానే ఉండిపోతుంది. దూది ముద్దను నూలుగుడ్డలో చుట్టి, కొద్దిగా తడిపి, ఆగకుండా చిన్న చుట్లు తిప్పుతూ రాయండి. చేయి ఒక్క క్షణం ఆగినా గుడ్డ అంటుకుని కింది పొర లేచిపోతుంది. రోజుకు ఒక విడత, పది విడతలు. వర్షం పడే రోజు రాస్తే తెల్లటి మసక పడుతుంది. కిటికీలు తీసి ఉంచండి, ఆ స్పిరిట్ ఆవిరి కళ్లకు, నరాలకు మంచిది కాదు.

బ్రిడ్జి పొడవు 190, వెడల్పు 28, సాడిల్ దగ్గర మందం 8 మి.మీ. బరువు 20 గ్రాములు దాటకుండా చూడండి. దాని అడుగు పైపలక ఉబ్బుకు సరిపోవాలి. బ్రిడ్జి వచ్చే చోట పలక మీద ఉప్పుకాగితం పరిచి రుద్దితే అదే కుదురుతుంది. చోటు నిర్ణయించేటప్పుడు పన్నెండో ఫ్రెట్ నుంచి సాడిల్‌కు 325 కాదు, 327 మి.మీ. తీగను నొక్కినప్పుడు అది కొంచెం సాగి స్వరం పైకి పోతుంది, ఆ 2 మి.మీ. దాన్ని సరిచేస్తుంది. రెండు చివరలనుంచీ విడివిడిగా కొలవండి.

బ్రిడ్జి లేచిపోయిన గిటార్లలో చాలావాటికి కారణం ఒక్కటే, పాలిష్ మీద అతికించడం. అంచు చుట్టూ కత్తితో గీసి, లోపలి పాలిష్ పూర్తిగా గీకి వట్టి చెక్క తేలాకే జిగురు రాయాలి. కత్తి పాలిష్‌నే కోయాలి, చెక్కలోకి దిగకూడదు. హోల్ లోంచి మూడు క్లాంపులు, లోపల బ్రేసులకు గాట్లు తీసిన చెక్క ముక్క. ఒక రోజు బిగించి ఉంచి, మరో రోజు ఊరికే వదిలి, అప్పుడు తీగలు.

తీగలు ఎక్కించాక

నార్మల్ టెన్షన్ నైలాన్ సెట్ చాలు. మొదటి రోజు రెండు స్వరాలు కిందికే శ్రుతి చేసి వదిలేయండి, మర్నాడు పూర్తి శ్రుతికి తెండి. నట్ గాటు లోతు చూడటానికి రెండో, మూడో ఫ్రెట్ల మధ్య తీగ నొక్కి పట్టండి. మొదటి ఫ్రెట్‌కూ తీగకూ మధ్య ఒక కాగితం దూరేంత సందు ఉంటే సరిపోయింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ 4, సన్న తీగ 3 మి.మీ. ఎత్తులో ఉండాలి. అక్కడ 1 మి.మీ. తగ్గాలంటే సాడిల్ అడుగున 2 మి.మీ. తీయాలి. పైనుంచి గీకకండి, అడుగు నుంచే తీయండి, చదునైన అద్దం మీద ఉప్పుకాగితం అంటించి.

ఏదైనా ఫ్రెట్ దగ్గర తీగ గరగరమంటే మొత్తం సాడిల్ ఎత్తేయకండి. మూడు ఫ్రెట్ల మీద ఆనే పొట్టి స్కేలు పెట్టి ఊపి చూడండి. ఊగితే మధ్య ఫ్రెట్ లేచింది, దాన్ని కొట్టి కూర్చోబెడితే చాలు.

మొదటి నెలలో పైపలక తీగల లాగుడికి కొంచెం ఉబ్బుతుంది, తీగలు అర మి.మీ. దాకా లేస్తాయి. తర్వాత కాలం మారినప్పుడల్లా కొద్దిగా కదులుతూనే ఉంటుంది. అందుకే సాడిల్ ఒకటి కాదు, రెండు చేసి పెట్టుకోండి: వర్షాకాలానికి కాస్త పొట్టిది, ఎండాకాలానికి కాస్త పొడుగుది. రెండోదాన్ని గిటార్ పెట్టెలో, తేమ మీటర్ పక్కనే ఉంచండి.